కంప్యూటర్‌ను ఎండకు పెట్టిన రోజు

మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన ఏడు సిద్దిపేటలో చలి విపరీతంగా ఉండింది. తొంభైల చివరి మాట. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న నాకు ఒక ప్రింటింగ్ ప్రెస్ ఆయన పెళ్లిపత్రికలు టైపు చేసే పని ఇస్తానన్నాడు, ఇంట్లో కంప్యూటర్ ఉంటే చాలన్నాడు. మా వైపు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. బాపు హైదరాబాద్ పోయి ఎవరో వాడిన కంప్యూటర్ ఒకటి బేరమాడి తెచ్చాడు. నచ్చకపోతే నెలలోపు వాపస్ తీసుకోవాలని అమ్మినాయనతో మాట కూడా పుచ్చుకుని వచ్చాడు. ఎద్దును కొన్నా, కంప్యూటర్ కొన్నా మా బాపుది ఒకటే పద్ధతి.

అవ్వకు మాత్రం అది మొదటి నుంచీ కంటగింపే. బియ్యం సంచులుండే మూల దానికి పోయింది మరి. "పాట పాడది, బొమ్మలు రావు, గిదెందుకే ఇంట్ల?" అని అటు పోతూ ఒక మాట, ఇటు వస్తూ ఒక మాట విసిరేది. నేను మాత్రం తక్కువ తిన్నానా, మాటకు మాట అప్పజెప్పేదాన్ని.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున్నే స్విచ్ వేయగానే కంప్యూటర్ డబ్బా వెనకున్న చిన్న ఫ్యాన్ గుర్రుమంది. పిండిగిర్ని తెచ్చి ఇంట్లో పెట్టినట్టే ఉంది ఆ చప్పుడు. ఫ్యాన్ సరిగా తిరగకపోతే లోపల వేడెక్కి మొత్తం కాలిపోతుందని కంప్యూటర్ నేర్పిన సారు చెప్పి ఉన్నాడు. గబుక్కున ఆపేశాను. మధ్యాహ్నం భయపడుతూ మళ్లీ వేస్తే కాసేపు మూలిగి, తర్వాత మెత్తగా తిరిగింది. హమ్మయ్య అనుకున్నాను. మరునాడు పొద్దున మళ్లీ అదే గుర్రు.

చాయ్ తాగుతున్న బాపు చెవిన పడనే పడింది.

"రొప్పే ఎద్దును అంటగట్టిండు బిడ్డా. ఐతారం పొద్దుగాల బస్సుకు ఏస్కపోయి వాపసిచ్చొస్త."

"మధ్యాహ్నం మంచిగనే నడుస్తుంది బాపూ."

"పొద్దుగాల లేవని ఎద్దు మధ్యాహ్నం లేస్తే ఎవలికి లాభం?"

"మరి ఇంకోటి తెస్తవా?"

"సూద్దాం తియ్యి."

మా ఇంట్లో 'సూద్దాం' అంటే లేదనే అర్థం. కంప్యూటర్ పోతే పని పోతుంది. ప్రెస్ ఆయన నా కోసం ఆగుతాడా, ఇంకొకరిని చూసుకుంటాడు. డిగ్రీ తర్వాత నాకంటూ దొరికింది ఆ ఒక్క పనే. కోపమొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది.

నాకు తోచినవన్నీ చేశాను. డబ్బాను గోడకు దూరం జరిపాను. కింద గుడ్డ మడత పెట్టాను. పాత టూత్‌బ్రష్‌తో ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము దులిపాను. నడిమధ్యన జిడ్డు తగిలింది, పాత మిషన్ కదా ఉంటుందిలే అనుకున్నాను. గుర్రు తగ్గలేదు. ఎప్పుడూ వాగే అవ్వ మాత్రం ఆ రోజుల్లో ఉలుకూ పలుకూ లేకుండా తిరిగింది. పీడ పోతోందని లోలోపల సంబరపడుతోందనుకుని నాకు ఇంకా ఒళ్లు మండింది.

శనివారం పొద్దున తల దువ్వుతా రమ్మని అవ్వ నన్ను వాకిట్లో కూర్చోబెట్టింది. కొబ్బరినూనె సీసా వంచితే చుక్క రాలలేదు, తెల్లగా గడ్డకట్టుకుపోయింది. "జర ఎండ తగలనియ్యి, కరుగుతది" అని సీసాను పిట్టగోడ మీద పెట్టింది. నేను ఆ సీసానే చూస్తూ కూర్చున్నాను. పొద్దున గడ్డ, ఎండెక్కితే నీళ్లు. ఒక్కసారిగా తట్టింది. జుట్టు విరబోసుకునే లోపలికి ఉరికి, ఫ్యాన్ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. అచ్చంగా మా ఇంటి కొబ్బరినూనె!

"అవ్వా! గిండ్ల నూనె ఎవలు వోసిన్రు?"

అవ్వ దువ్వెన వైపు చూసుకుంది. "నేనే వోసిన. లొల్లి వెట్టకు. మీ బాపు అచ్చేలోపల బాగు చేసే ఉపాయం సూడు."

కరెంటు వైరు పీకేసి, ఇద్దరం డబ్బాను మోసుకొచ్చి వాకిట్లో మంచం మీద ఎండకు పెట్టాం. పక్కింట్లో బట్టలు కుట్టే చాచీ గోడ మీదుగా చూసి, "గదేందమ్మా, డబ్బను ఎండవెట్టిన్రు?" అని ఒకటే నవ్వు. నవ్వితే నవ్వింది కానీ, అడగ్గానే కుట్టుమిషన్ నూనె ఇచ్చింది. డబ్బా వెచ్చబడ్డాక వెనక్కి వంచితే కొబ్బరినూనె కరిగి బయటికి జారింది. పుల్లకు దూది చుట్టి తుడిచినకొద్దీ నల్లటి జిడ్డు వచ్చింది. తుడవగా తుడవగా దూది తెల్లగా రావడం మొదలయ్యాక, మధ్యలో ఒకే ఒక్క చుక్క మిషన్ నూనె వేశాను.

కానీ అసలు పరీక్ష పొద్దున చలిలో కదా. ఆదివారం బాపు డబ్బాను కట్టడానికి గోనెపట్టా, తాడు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఒక్కపారి ఇను బాపూ" అని స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది. చెవి పెట్టి వింటే తప్ప తిరుగుతున్నట్టే తెలియలేదు. బాపు వంగి విన్నాడు, అటు పోయి విన్నాడు, ఇటు వచ్చి విన్నాడు.

"ఎద్దు లేసిందే!" అని తాడు చుట్టి పక్కన పెట్టి, బస్సు మాట మరిచిపోయి చాయ్ అడిగాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఆ పొద్దున ఎవరేమడిగినా ఇచ్చేసేదాన్ని.

బాపు బయటికి పోయాక అవ్వను నిలదీశాను. "గా నూనె ఎందుకు వోసినవే?"

"నువ్వు ఇనలే గని, అది ముందుగాల్నే జర కీసుమన్నది. మీ బాపు ఇంటే వాపస్ ఏస్కపోతడని తలుపు బందులకు వోసినట్టు వోసిన. అది గుర్రుమన్న కాడికెల్లి నాకు బువ్వ సయించలే."

"నీకు అది కిట్టదు గదా?"

"నాకు కిట్టకుంటేంది? చదువైనంక ఇంట్ల మూతి ముడుసుకొని కూసున్నవ్. గది అచ్చినంకనే గద బిడ్డా, నువ్వు జర నవ్వుడు మొదలువెట్టినవ్."