మందులు కావండీ, జుట్టుకి

2022 ఆగస్టు 16, మంగళవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. ఏలూరులో నేను పనిచేసే చిన్న ల్యాబ్‌లో ఆ రోజు మూడో శాంపిల్ శ్రీలతది. ప్రభుత్వాసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాక, ఊరికే కూర్చోలేక ఇక్కడ చేరాను. కంప్యూటర్ ఉన్నా నా నోట్‌బుక్ నాదే. తేదీ, సమయం, వచ్చిన మనిషి ఎలా ఉన్నదీ, ఏ మందులు వాడుతున్నదీ అందులో రాసుకుంటాను.

శ్రీలతకు ముప్పై ఒకటి. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం, రోజూ రైలు ప్రయాణం. థైరాయిడ్ గ్రంథి మందకొడిగా పనిచేస్తోందని రోజుకు డెబ్బై ఐదు మైక్రోగ్రాముల బిళ్ళ వాడుతోంది.

"థైరాయిడ్ కుదురుకుంటే పిల్లల సంగతి చూద్దామన్నారండీ డాక్టరుగారు. కాస్త త్వరగా తీసేయండి మేడమ్‌గారూ, ఏడింటి బండి."

"నీ బండి టైం రక్తానికి తెలీదమ్మా. మందులేమైనా వాడుతున్నావా?"

"థైరాయిడ్ బిళ్ళ వాడుతున్నానండీ."

'థైరాయిడ్ 75 మాత్రమే' అని రాసుకున్నాను. ఆ 'మాత్రమే' ఆమె అనలేదు. నేను చేర్చింది.

మేం చేసింది టీఎస్‌హెచ్ పరీక్ష. గ్రంథికి మెదడు వేసే కేక లాంటిది టీఎస్‌హెచ్. గ్రంథి బద్ధకిస్తే మెదడు గట్టిగా అరుస్తుంది, అంకె పెరుగుతుంది. పని ఎక్కువైతే గొంతు తగ్గిస్తుంది, అంకె పడిపోతుంది. అర నుంచి నాలుగు దాకా ఉండాల్సింది శ్రీలతకు 0.2 వచ్చింది. బిళ్ళ ఎక్కువవుతోందన్నమాట. డాక్టరుగారు 75ను 50 చేశారు. నవంబరు 8న 0.1 వచ్చింది. 50 కాస్తా 25 అయింది.

జనవరి 24న వచ్చినప్పుడు సూది గుచ్చుతున్నా నవ్వుతూనే ఉంది. కడుపుతో ఉంది, ఆరో వారం. ఉంగుటూరు నుంచి వాళ్ళమ్మ పంపిన సున్నుండలు నాకూ నాలుగు తెచ్చింది.

"ముందు నువ్వు తినమ్మా."

"కూర్చుని తినే తీరికేదండీ నాకు? మీరు తినండి, నేను తిన్నట్టే."

రిపోర్టు మళ్ళీ 0.1. గర్భం మొదట్లో ఈ అంకె తగ్గడం మామూలే. ఎవరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు.

మార్చి 14న ఆమె గుమ్మంలోకి వస్తే వెంటనే పోల్చుకోలేకపోయాను. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పిడికెడు జడ సగమైంది.

"ఫిబ్రవరి రెండున పోయిందండీ," అంది. ఏమిటని నేను అడగలేదు. నాడి చూశాను, నిమిషానికి యాభై నాలుగు.

రిపోర్టు 0.1. మనిషిని చూస్తే గ్రంథి నిద్రపోతోంది, కాగితం చూస్తే పరుగెడుతోంది. విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్ పెట్టి మెషీన్ తనిఖీ చేశాను. సరిగానే ఉంది. శ్రీలత రక్తం మళ్ళీ పెట్టాను, మళ్ళీ అదే అంకె. అప్పుడు ఫైల్లోంచి కిట్ కాగితం తీశాను. పరీక్ష రసాయనాల పెట్టెలో మడిచి పెట్టే సన్నక్షరాల కాగితం అది. బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ మోతాదులో వాడేవారికి ఫలితం తప్పుగా రావచ్చని అందులో ఒక వాక్యం ఉంది. దాని కింద పెన్సిల్ గీత ఉంది. గీసింది నేనే, నాలుగేళ్ళ క్రితం.

ఫోన్ చేశాను. "సాయంత్రం బండి దిగి ఇటు రా అమ్మా. నోట్లో వేసుకునేవన్నీ తీసుకురా, ఏదీ వదలొద్దు."

ఏడూ పదికి వచ్చి బల్లమీద మూడు డబ్బాలు పెట్టింది. మూడోదాని మీద బయోటిన్ పదివేల మైక్రోగ్రాములని ఉంది.

"ఇది ఎప్పట్నుంచి?"

"ఇవి మందులు కావండీ, జుట్టుకి. పోయిన జూన్ నుంచి. మా బ్రాంచిలో ఆడవాళ్ళందరం వేసుకుంటాం. టీ, ఈ బిళ్ళ, అదే మా టిఫినని నవ్వుకుంటామండీ. రాలడం మరీ ఎక్కువైందని రెండేసి వేసుకుంటున్నాను."

ఆ బిళ్ళ విషం కాదు. మా పరీక్షలో బయోటిన్‌ను జిగురులా వాడతారు. రక్తంలో అది మరీ ఎక్కువగా ఉంటే మెషీన్ మోసపోతుంది. మోసపోయిన అంకె చూసి అసలు మందు తగ్గించారు, మందు తగ్గి జుట్టు ఇంకా రాలింది, రాలిందని ఈమె ఇంకో బిళ్ళ వేసుకుంది. ఇదంతా వివరించాను.

మూడో డబ్బాను తనవైపు తిప్పుకుంది. "అయితే నేనే చేసుకున్నానా అండీ?"

"నువ్వు దాచలేదమ్మా. నేను అడగలేదు. ఇదిగో చూడు," అని పెన్సిల్ గీత చూపించాను.

దాన్ని వేలితో తడిమింది. "గీశారు కదండీ, పాపం," అంది. ఓదార్చాల్సింది నేను. నన్నే ఓదార్చింది. పేషెంట్లు కూర్చునే స్టూలు మీద ఆమె పక్కనే కూర్చుండిపోయాను.

డాక్టరుగారు వారం పాటు ఆ బిళ్ళలు ఆపించారు. మార్చి 21న టీఎస్‌హెచ్ 41. మందు మళ్ళీ 75కు పెంచారు. జులైకి అంకె మామూలైంది.

కొల్లేటి లంకల నుంచి వచ్చే ముసలమ్మలు వేరు పొడి పొట్లంతో సహా అన్నీ నా ముందు విప్పుతారు. ఉద్యోగాలకు పరుగెత్తేవాళ్ళకు డబ్బాలో దొరికే బలం మందులా కనబడదు, తిండిలో భాగం. ఇప్పుడు నేను 'మందులేమైనా' అని అడిగి ఊరుకోను. జుట్టుకా, ఎముకలకా, నిద్రకా, పాలలో పొడి ఏదైనానా అని ఒక్కొక్కటీ అడుగుతాను. ఇంత చాదస్తమా అని విసుక్కున్నా, జవాబు వచ్చేదాకా సూది ముట్టుకోను.

నోట్‌బుక్‌లో ఆ పేజీ చివర రాసుకున్నది ఇదీ. పోయినవి: రెండు వందల పది రోజులు. సగం జడ. ఏడో వారం దాటిన గర్భం ఒకటి. ఆ చివరిదానికి ఇదే కారణమని డాక్టరుగారు అనలేదు, కాదనీ అనలేదు. నేను మాత్రం అన్నిటితోపాటే రాశాను.