గోడవైపు తిరిగి కూర్చున్న సాక్షి

1984. వర్జీనియాలో హెర్న్‌డన్ దగ్గరి ఒక ఆసుపత్రిలో నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. పక్షవాతం వచ్చి మాట దెబ్బతింటే దాన్ని అఫేషియా అంటారు. అలాంటివాళ్లకు మళ్లీ మాట నేర్పడం నా ఉద్యోగం.

నా పేషెంట్ రమోన్ గారు ఫిలిప్పీన్స్ మనిషి, ఓడల్లో వంట చేసి రిటైరయ్యారు. బొమ్మల కార్డు చూపించి ఇంగ్లీషులో వాక్యం చెప్పమంటే "తిన్నాడు పిల్లవాడు మామిడిపండు" అనే వరుసలో చెప్పేవారు. ఫారం నిండా తప్పు గుర్తులే. "అంతా కలగాపులగం. ఇంట్లో ఆకలో నొప్పో కూడా చెప్పుకోలేడు" అని తేల్చేశారు మా పెద్ద డాక్టర్. శుక్రవారం నేను సంతకం పెడితే థెరపీ ఆపేసి నర్సింగ్ హోమ్‌కు పంపేస్తారు. ఇంటికి తీసుకెళ్తానని ఆయన భార్య లూస్ ఒకటే ఏడుపు.

నాకో చాదస్తం ఉంది. తప్పు జవాబులను కూడా పొల్లుపోకుండా నోట్‌బుక్‌లో రాసుకుంటాను. గురువారం ఆ పేజీలు తిరగేస్తే అన్నిటిలో ఒకే వరుస కనిపించింది. ప్రతిసారీ ముందు పని, తర్వాత చేసినవాళ్లు, ఆ తర్వాత వస్తువు. కలగాపులగానికి ఇంత క్రమం ఎక్కడిది?

లూస్‌ని పిలిచి అడిగాను. "మా టాగలోగ్‌లో వాక్యం అలాగే ఉంటుంది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదే!" అంది. క్రియను చివర పెట్టే భాషలో పుట్టి కూడా నాకు ఆ ప్రశ్న తట్టనందుకు సిగ్గేసింది.

"గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు, అది నీ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. మీ పెద్ద డాక్టర్‌తో ఆర్గ్యూ చెయ్యకు, సైన్ చేసి వచ్చెయ్" అన్నారు ఆ రాత్రి మావారు. నేను వినలేదు.

శుక్రవారం, టాగలోగ్‌లో మళ్లీ పరీక్ష పెడదామన్నాను. "భార్య జవాబు అందిస్తుంది, కుదరదు" అన్నారు డాక్టర్.

"ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుంటుంది సార్. కార్డులు మీరే చూపించండి. ఆయన చెప్పింది విని ఆవిడ ఇంగ్లీషులో చెప్తుంది."

రమోన్ గారు తడుముకుంటూనే మొదలుపెట్టారు. "కుక్క పిల్లిని తరుముతోంది" అంది లూస్ గోడకేసి చూస్తూ. సరిగ్గా అదే. తర్వాతి కార్డు. "ఇప్పుడు పిల్లే కుక్కను తరుముతోంది." అదీ సరే. డాక్టర్ కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

చివరి కార్డుకు రమోన్ గారు కాస్త ఎక్కువసేపే మాట్లాడారు. లూస్ పకపకా నవ్వేసింది.

"ఒకావిడ చేప వేయిస్తోంది. నూనె చాలదంటున్నారు మా ఆయన!"

డాక్టర్ కార్డు తిప్పి చూసుకున్నారు. నిజమే, బొమ్మలో మూకుడు పొడిగానే ఉంది. ఆయన కూడా నవ్వి, ఫారం మీద తన చేత్తోనే 'థెరపీ కొనసాగించాలి' అని రాశారు. ఆ రోజు నాకు నేల మీద కాలు నిలవలేదు.

రెండు నెలలకు రమోన్ గారు భార్య చెయ్యి పట్టుకుని ఇంటికి వెళ్లారు. అప్పటినుంచి ఏ పేషెంట్ ముందు కూర్చున్నా, కార్డులు తీయకముందే ఒక మాట అడుగుతాను: "మీ ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారు?"