అద్దంలో కనపడని అల్లుడు

ఈమధ్య తెల్ల చొక్కాలు తెల్లగా రావడం లేదు. మీగడ రంగు, ముత్యం రంగు, ఇంకా పేరు పెట్టని రంగులేవో చూపించి "తెలుపేనండీ" అంటాడు షాపువాడు. ఆ రోజుల్లో తెల్ల చొక్కా అంటే తెల్లగానే ఉండేది. నాదొకటి, ఒక రోజు పొద్దున, విజయవాడ నుంచి పెనమలూరు దాకా అలాగే ఉంది.

అప్పుడు నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివేసి, విజయవాడ ఆటోనగర్‌లో లారీల బ్రేకు సామాను అమ్మేవాణ్ణి. (ఈ వివరం మీరు గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు. ఆ రోజు నాకూ గుర్తు రాలేదు.) మా చర్చి క్వయర్‌లో పాడే ఒక నర్సమ్మాయిని పెళ్లి చేసుకోవాలనుకున్నాను. ఆ అమ్మాయీ అభ్యంతరం చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒప్పుకోవలసింది వాళ్ల నాన్నగారు. చల్లపల్లిలో సొంత లారీ, సొంత అభిప్రాయాలు ఉన్న మనిషి. అంతకుముందు ఒక పెళ్లికొడుకు చూపులకు వస్తానని చెప్పి రాలేదట. ఇంకొకడు కూడా అలా చేస్తే పట్నం సంబంధాల మాటే ఎత్తొద్దని ఇంట్లో చెప్పేశారట. అందుకే నన్ను తనే దగ్గరుండి తీసుకెళ్లదలిచారు. "మా సందులు నీకు దొరకవు బాబూ. రేపు పొద్దున్నే సిమెంటు లోడుతో పోతన్నా. బైకేసుకుని నా వెనకాలే వచ్చెయ్. అద్దంలో చూసుకుంటా ఉంటాలే," అన్నారు.

వెనకాలే అన్నారు కదా. లారీకీ నా ముందు చక్రానికీ మధ్య మహా అయితే ఒక మంచం పట్టేంత జాగా వదిలాను. ఎడంగా ఉంటే ఆటోలు దూరతాయని, మర్యాద తగ్గుతుందని భయం. పైగా పొద్దుటెండ ఎదురుగా ఉంది. లారీ నీడంతా నా మీదే. సిమెంటు కూడా నా మీదే. కంకిపాడు దగ్గర లారీ ఉన్నట్టుండి నెమ్మదించింది. నన్ను పరీక్షిస్తున్నారనుకుని ఇంకాస్త దగ్గరికి జరిగాను. ఉయ్యూరు దాటాక పక్కకు తీసి, గట్టిగా బ్రేకు వేశారు. ఆ బ్రేకులు చాలా మంచివి (మా షాపులోవే). నా బైకువి అంత కాదు. హెడ్‌లైటు వెళ్లి లారీ బంపరుకు తగిలి పగిలింది. నాకేమీ కాలేదు. లోడు లారీకైతే సంగతే తెలియలేదు.

తేరుకునేలోగా జేబులో ఫోను మోగింది.

"మీరు రావట్లేదా?" అడిగింది ఆ అమ్మాయి.

"వస్తున్నాను. మీ నాన్నగారి లారీని ఆనుకునే ఉన్నాను."

"అబద్ధాలెందుకండీ? నాన్న ఇప్పుడే ఫోన్ చేశాడు. కంకిపాడు కాణ్ణుంచీ అద్దం చూస్తానే ఉన్నాడంట. వీడు కూడా జారుకున్నాడమ్మా అంటన్నాడు."

"ఒట్టండీ, ఇక్కడే ఉన్నాను! ఆయన్ని ఒక్కసారి దిగి వెనక్కి రమ్మనండి!"

రెండు నిమిషాలకు ఆయన దిగి వచ్చారు. బంపరును కౌగలించుకున్నట్టున్న బైకునూ, బూడిద రంగులో ఉన్న నన్నూ చూశారు.

"ఇదేంది బాబూ, ఇక్కడున్నావా! నా అద్దాలు కనపడతన్నాయా నీకు?"

వంగి చూశాను. సిమెంటు బస్తాలు తప్ప ఏమీ లేవు. "లేదండీ."

"మరి నాకు నువ్వెట్టా కనపడతావు? రెండద్దాలూ నీకు కనపడేంత ఎడంలో రావాలి. ఏం చదివావన్నావు?"

"మెకానికల్ అండీ."

"అమ్మేది?"

"బ్రేకులండీ."

ఆయన వెళ్లి లారీ ఎక్కారు. ఆ తర్వాత మధ్యలో దూరిన ప్రతి ఆటోకీ జాగా ఇచ్చి, మళ్లీ వెనక్కి జరుగుతూ, మొత్తానికి చల్లపల్లి చేరాను.

ఇప్పుడు కారులో వెళ్తున్నా, ముందున్న లారీ అద్దాలు రెండూ కనపడేంత వెనకే ఉంటాను. నా వెనకవాళ్లు హారన్లతో నా గురించి మాట్లాడుకుంటారు. ఆనాడు బైకు మీదున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయగానూ ఉంటుంది. కావలసినదాని వెనక అంత దగ్గరగా పోయే ధైర్యం (ఇంకో పేరు కూడా ఉంది దానికి) ఇప్పుడు నాలో లేదు.

ఆ రోజు నన్ను ముందుగదిలో కూర్చోబెట్టి ఆయన వంటింట్లోకి వెళ్లారు. "పిల్లోడు ఎట్టాంటోడయ్యా?" అని ఆయన భార్య అడగడం వినపడింది. గొంతు తగ్గించే అలవాటు ఆయనకు లేదు.

"తెలివి లేదు. కాకపోతే, తోలినా పోడు."