సమ్మెటమ్మ కొన్న ఇల్లు

మా పక్కిల్లు చూడ్డానికి వచ్చిన రోజు ఆమె నీళ్ల సంగతి అడగలేదు, గదుల కొలతలూ అడగలేదు. ముందు గది నుంచి వెనక గది దాకా గోడల్ని వేలి కణుపులతో తట్టుకుంటూ, చెవి ఆనించి వింటూ పోయింది. బ్రోకరుకు నవ్వు ఆగలేదు.

"ఏంటమ్మా, పుచ్చకాయ కొంటున్నారా?"

"పుచ్చకాయైతే బాగోకపోతే పారేస్తాం నాయనా. దీన్నెక్కడ పారేస్తాను?"

పాత గోడలు పడగొట్టడం ఆమె పని. ముప్పై ఏళ్లుగా అదే. మేస్త్రీలు పెట్టిన పేరు సమ్మెటమ్మ. మనిషి చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. ఏ ఇటుక మీద కొడితే గోడ అవతలికి పడుతుందో మాత్రం ఆమెకు తెలిసినట్టు ఇంజనీర్లకు కూడా తెలియదని చెప్పుకునేవారు.

నగరం చివర, ఎప్పుడో మూతపడిన మిల్లు కార్మికుల కోసం కట్టిన వరస ఇళ్లు మావి. చవకగా వస్తున్నాయనే మేమూ ఇక్కడ కొనుక్కున్నాం. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, అదీ ఒంటి ఇటుక మందం. నేను ఫిజిక్సు చదివినదాన్ని. ఆ గోడలోంచి ఎంత చప్పుడు వస్తుందో లెక్క కట్టగలను. లెక్కతో పనేముంది, మా ఎనిమిది నెలల పాప దగ్గితే అవతలివాళ్లు "జలుబు చేసిందా అమ్మాయ్?" అని అడిగేవారు.

సమ్మెటమ్మ ఆ ఇల్లు కొని, కోడలి పేరు మీద రాయించింది. కొడుకు పేరు మీద ఎందుకు రాయించలేదని నేను అడగలేదు. ఒకరోజు పెరట్లో పాప బట్టలు ఆరేస్తుంటే తనే చెప్పింది.

"మా ఆయన నన్ను కొడుతుంటే మావాడు మూలన నిలబడి చూసేవాడు. ఆరేళ్లు వాడికి. బెదిరిపోయాడనుకున్నా. నేర్చుకుంటున్నాడని తెలియలేదు."

కొడుకు లారీ డ్రైవరు. వాడు సరుకేసుకుని దూరం వెళ్లినప్పుడు కోడల్నీ, అయిదేళ్ల మనవరాలినీ తీసుకుని ఇక్కడికి వచ్చేసింది.

పదకొండో రోజు, ఆదివారం మధ్యాహ్నం, వాడొచ్చాడు.

తలుపు తియ్యమని అరిచాడు. తరవాత తన్నడం మొదలుపెట్టాడు. ఇల్లంతా తట్టి చూసిన మనిషి తలుపు చట్రాన్ని తట్టి చూడలేదు. గోడలు పడగొట్టేవాళ్లు వచ్చేసరికి వడ్రంగులు తలుపులూ చట్రాలూ ఊడదీసి పట్టుకుపోయి ఉంటారు. ముప్పై ఏళ్లలో ఆమెకు తలుపు చూసే అవసరమే రాలేదు. ఆ చట్రాన్ని లోపలంతా చెద తినేసింది. మూడో తన్నుకు తలుపుతో సహా ఊడి పడింది.

మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. పోలీసులకు ఫోన్ చేస్తే అరగంట పడుతుందన్నారు. ముగ్గురూ వెనక గదిలోకి పోయి గడియ పెట్టుకున్నట్టు చప్పుడు వినిపించింది. ఆ గదికి కిటికీ ఉంది కానీ దానికి ఇనప ఊచలు. అంతలో గోడలోంచి ఆమె గొంతు, కూరగాయల బేరం ఆడుతున్నంత మామూలుగా.

"అమ్మాయ్, పాపను తియ్. గోడ పగలగొడుతున్నా."

పాపను ఎత్తుకుని వెనక్కి దూకాను. నాలుగో దెబ్బకు ఇటుక ఒకటి ఊడి ఉయ్యాలలో, పాప తల పెట్టుకునే చోటే పడింది.

కంతలోంచి ముందు మనవరాలు వచ్చింది, జుట్టంతా సున్నం. తరవాత కోడలు, నడుం దగ్గర ఇరుక్కుపోయింది. అదే క్షణంలో అవతలి తలుపు పగిలింది. వాడు ఆమె కాళ్లు పట్టుకుని వెనక్కి లాగాడు. నేను పాపను నేల మీద పడేసినట్టే దించి, ఆమె చేతులు పట్టుకుని ఇటు లాగాను. వాడు ఊడిపోయిన గడియ కమ్మీతో ఆమె పిక్కల మీద కొడుతున్నాడు. ప్రతి దెబ్బా ఆమె చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చింది.

ఇంకో చప్పుడైంది. అది ఇటుకది కాదు.

కోడలు ఒక్కసారిగా నా మీద పడింది. కంతలోంచి చూశాను. వాడు నేల మీద ఉన్నాడు. మోకాలి కింద, కీలు లేని చోట కాలు వంగి ఉంది. అయినా తల్లి జుట్టు పిడికిట పట్టి ఆమె ముఖాన్ని గచ్చుకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆమె నుదురు చిట్లి కళ్లలోకి రక్తం కారుతోంది. చేత్తో తడుముకుని సమ్మెట అందుకుంది.

"జుట్టు వదులు. లేకపోతే ఈసారి మోచెయ్యి."

వాడు వదిలాడు.

"అమ్మాయ్, చీపురుకర్ర ఇవ్వు."

"చాలు పిన్నిగారూ, చచ్చిపోతాడు."

"కట్టు కట్టడానికే."

కర్రా తువ్వాలూ అందించాను. తను విరగ్గొట్టిన కాలిని తనే సరిచేసి కట్టింది. వాడు రాయలేని బూతులు తిడుతున్నాడు.

"నువ్వు తల్లివేనా?"

"కదలకు. ఎముక బయటికొస్తుంది."

పోలీసులు వచ్చి వాణ్ణి ఆసుపత్రికి పంపాక, ఇన్‌స్పెక్టరు ఆమెను మా ఇంట్లోనే కూర్చోబెట్టాడు. ఆమె నుదుటికి నేను దూది అదిమి గుడ్డ కట్టాను.

"ఎంతైనా కొడుకు కదమ్మా. జారి పడ్డాడని రాసుకుందాం. మీకూ గొడవుండదు, వాడికీ ఉండదు."

"కాలు అతుక్కోగానే మళ్లీ వస్తాడు బాబూ. జారి పడలేదు, నేను కొట్టాను. అలాగే రాయండి. ఎందుకు కొట్టానో కూడా రాయండి."

"మీ మీద కూడా కేసవుతుంది."

"అవనివ్వండి."

కోడలు గోడకానుకుని లేచింది.

"ముందు నాది రాసుకోండి సార్. పెళ్లయిన తొమ్మిదో రోజు నుంచి."

ఇన్‌స్పెక్టరు కలం మూత తీశాడు. ఆమె వరసగా చెప్పుకుపోయింది. ఎక్కడ కొట్టాడు, దేనితో కొట్టాడు, ఎన్ని కుట్లు పడ్డాయి. మనవరాలు నా ఒళ్లో ఉంది. వినకూడదని దాని చెవులు మూశాను. అది నా చేతులు తీసేసింది.

"అది బెల్టు కాదమ్మా," అంది తల్లితో. "వైరు."

ఇన్‌స్పెక్టరు రాసింది కొట్టేసి, మళ్లీ రాశాడు.