ఒజెల్లా అక్క నిద్రపోలేదు

మా బడి వంటగదిలో నాతోపాటు పనిచేసే ఒజెల్లా అక్క మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ. ఏదైనా శ్రద్ధగా వినాల్సి వస్తే కళ్లు మూసుకుంటుంది. చర్చిలో పాస్టరు గొంతు పెంచేకొద్దీ మేమంతా చేతులెత్తి వంత పాడుతుంటే, తను కళ్లు మూసుకుని మెల్లగా తలాడిస్తుంది. మా డెల్టా నల్లవాళ్ల చర్చిల్లో ఇది ఎవరికీ వింత కాదు. తర్వాత కోర్టులో అక్కని చూసిన ప్రాసిక్యూటరు మాత్రం మా చర్చికి ఏనాడూ వచ్చినవాడు కాదు, అదీ సంగతి.

మా చర్చికే వచ్చే వెర్లీన్ కొడుకు డెమారియో మీద పెట్రోలు బంకు దోచుకున్నాడని కేసు పెట్టినప్పుడు, కేసు విని నేరం చేశాడో లేదో తేల్చే జ్యూరీకి ఊళ్లోంచి పిలిచినవాళ్లలో అక్క కూడా ఉంది. ఆదివారం వేసుకునే నీలం గౌను ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్లింది. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి, ఏప్రన్ కట్టుకుని మొక్కజొన్న రొట్టె ముక్కలు కోయడం మొదలుపెట్టింది. ఏమైందని అడిగితే వద్దన్నారని మాత్రం చెప్పింది. ఎందుకు వద్దన్నారో తనకీ తెలియదు.

సాయంత్రానికి ఆ కారణం ఊరంతా పాకింది. మావాళ్లలో ఒక్కరిని ఉంచి మిగతా అందరినీ ప్రాసిక్యూటరు ఏదో ఒక సాకుతో తీసేశాడు. ఒకాయన గడ్డం గీసుకోలేదట. ఒకామె బెదురుగా చూసిందట. ఒజెల్లా అక్క నిద్రపోయిందట. రంగు చూసి తీసేస్తున్నారని డెమారియో లాయరు అడ్డుచెబితే, జడ్జి కానివ్వండి అని ముందుకు సాగిపోయాడు.

విచారణలో మళ్లీ ఇంకొకటి. దోపిడీ చేసింది తన మేనల్లుడేనని, వాడే తనతో చెప్పుకున్నాడని చెప్పడానికి ఒక ముసలి మెకానిక్ వచ్చాడు. ఒకరు చెప్పగా విన్నమాట సాక్ష్యం కాదని జడ్జి ఆయన్ని జ్యూరీ ముందు నోరు విప్పనివ్వలేదు. డెమారియోకి ఇరవై ఏళ్లు వేశారు.

వెర్లీన్ కోపం ప్రాసిక్యూటరు మీదికి పోలేదు, అక్క మీదికి మళ్లింది. చర్చి మెట్ల మీద నలుగురిలో నిలదీసింది.

"నా బిడ్డ బతుకు తేలే రోజే నీకు కునుకు పట్టాలా?"

అక్కకి తల కొట్టేసినట్టయింది. మెట్లు దిగి ఇంటికి వెళ్లిపోయింది. ఇక ఊళ్లో ఎగతాళి మొదలైంది. ఎక్కడ గరిటె జారిపడినా, అక్క నిద్ర చెడుతుందర్రా అనేవాళ్లు. నాకు ఒళ్లు మండి ఇద్దరు ముగ్గురికి గడ్డి పెట్టాను కూడా. తను మాత్రం చర్చిలో కళ్లు తెరుచుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

డెమారియో అప్పీలు చూడటానికి జాక్సన్ పట్నం నుంచి లాయరమ్మ వచ్చింది. అక్క తనంతట తానే వెళ్లి, నేను మేలుకునే ఉన్నాను, పైకోర్టులో ప్రమాణం చేసి చెబుతానంది. లాయరమ్మ నొచ్చుకుంటూనే అది కుదరదంది. పైకోర్టు కొత్తగా ఎవరి మాటా వినదు, కింది కోర్టులో టైపు చేసిన కాగితాలే చూస్తుంది.

"నేను నిద్రపోయానో లేదో నన్నే అడగరా?" అంది అక్క.

"అడగరమ్మా. జడ్జిగారు తన కళ్లతో చూశానన్నారా లేదా, అదే చూస్తారు."

జడ్జి చూశానని కాగితాల్లో ఎక్కడా లేదు. పైగా ప్రాసిక్యూటరు నిద్రపోయిందన్న సమయంలోనే, మీలో ఎవరికైనా బంకు యజమాని తెలుసా అని అడిగితే, తెలుసు, ఆయన పిల్లలకి బళ్లో భోజనం వడ్డిస్తానని అక్క చెప్పిన జవాబు ఉంది. ప్రశ్న వినలేదు, మళ్లీ చెప్పమన్న తెల్లాయన్ని మాత్రం హాయిగా జ్యూరీలో కూర్చోబెట్టారు.

తీర్పు రావడానికి రెండేళ్లు దాటింది. అక్క నిద్రపోయిందన్నది వట్టి సాకు, జ్యూరీని రంగు చూసి ఏరారు కాబట్టి శిక్ష చెల్లదు, కేసు మళ్లీ మొదటినుంచి నడపాలని పైకోర్టు చెప్పింది. మేనల్లుడి బండి ఆ పూట బంకు దగ్గర కనబడిందన్న ఆధారం కూడా ఉంది కనక, ఈసారి మెకానిక్ మాట జ్యూరీ వినాల్సిందేనంది.

మర్నాడే వెర్లీన్ వంటగది వెనక తలుపు దగ్గరికి వచ్చింది. లోపల మేమిద్దరమే ఉన్నాం. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకుంటానని అక్క చేతులు పట్టుకుని ఏడ్చింది.

"ఆ రోజు నువ్వుంటే నా బిడ్డని వదిలేసేదానివి కదక్కా?"

నేనైతే అవుననేదాన్ని. అవునంటే ఏం పోయింది? అక్క ముక్కుసూటి మనిషి.

"తెలీదు వెర్లీన్. నేనే జైలుకి పంపేదాన్నేమో. కానీ వాడి మీద చెప్పింది వినేదాన్ని, వాడి తరపున చెప్పిందీ వినేదాన్ని. వినకుండా మాత్రం పంపేదాన్ని కాదు."

వెర్లీన్ చేతులు విదిలించుకుని వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె కదల్లేదు. అరచేత్తో ముఖం తుడుచుకుంది.

"అట్టా వినేవాళ్లు ఈసారి ఒక్కరున్నా చాలక్కా. వాడు చేశాడో లేదో నాకూ తెలీదు. ఇన్నేళ్లుగా ఎవరితోనూ అనలేకపోయా."

అక్క తలుపు దగ్గరగా వేసి, ఆమెని మెట్టు మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది.