ఒక పెట్టె తోస్తే ఒకటి లాగింది

మొన్న స్పీకర్లు కొనబోతే, దుకాణంలో అమ్మాయి ఇంపీడెన్స్ అంటూ, స్పీకరు కరెంటును ఎంత అడ్డుకుంటుందో విడమర్చబోయింది. స్పీకరు ఓములు ఆంప్లిఫయరుకు చెప్పినదానికంటే తగ్గకూడదని నేనే ముందు చెప్పేసరికి ఆశ్చర్యపోయింది. ఆ చదువు నాకు తొంభైల్లో, మల్కాపురంలో మా అక్క ఇంట్లో అబ్బింది.

మా బావ పోర్టులో ఎలక్ట్రీషియను. ఆయన తండ్రి, మా మావయ్య, ఏళ్ల తరబడి ఇంజను పడవ మీద చేపల వేటకు వెళ్లి, ఆ మోతకు చెవులు పోగొట్టుకున్నారు. సన్నని శబ్దాలు అందవు, బరువైన డప్పు దెబ్బ మాత్రం అందుతుంది. గంగమ్మ పండక్కి తాను డప్పు కొట్టినప్పటి క్యాసెట్టు మళ్లీ వినాలని ఆయన కోరిక. అందుకే బావ పూర్ణా మార్కెట్ దగ్గర ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు తెచ్చాడు. నచ్చకపోతే మర్నాటి సాయంత్రంలోగా తెచ్చెయ్యమన్నాడు దుకాణదారు.

పెట్టెలు పక్కపక్కన పెట్టి మోగిస్తే తాళాలు, కేకలు గలగలమన్నాయి గాని డప్పు ఎక్కడా లేదు. మావయ్య లేచి అరుగు మీదికి వెళ్లిపోయారు. అత్తయ్యకు మండింది.

"ఆపీసినా ఆ ఎర్ర దీపం ఎలుగుతానే ఉంది, పని మాత్రం సెయ్యదు. అట్టుకెల్లి ఇచ్చీరా!"

"అది స్టాండ్‌బై అమ్మా. ఓడ లంగరేసి రేవులో బెర్తు కోసం సూత్తాది సూడు, అలాగ," అన్నాడు బావ నీరసంగా.

నేను అప్పట్లో పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ని. మర్నాడు ఆ కళ్లతోనే, ఆంప్లిఫయరుతో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచీ చదివాను; ఓముల సంగతి తెలిసింది అందులోనే. టేపురికార్డరు తీగ ఆంప్లిఫయరు వెనక ఆక్స్ అని రాసిన రంధ్రంలోనే ఉంది, బాగానే ఉంది. కాని స్పీకరు తీగల దగ్గర ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది అని గట్టిగా రాసి ఉంది. ఒక పెట్టెకు తారుమారైతే, అది గాలిని తోసినప్పుడు రెండోది లాగుతుందట, బరువైన శబ్దం మధ్యలోనే చచ్చిపోతుందట. వెళ్లి చూస్తే ఒక పెట్టెకు తీగలు తారుమారుగానే ఉన్నాయి. బావ నవ్వాడు.

"ఏటి బావా, బల్బుకి తీగ ఎటెట్టినా ఎలగదేటి? పోర్టంతటికీ కరెంటు సూత్తన్నాను, నాకు సెప్తావేటి?"

"బల్బు డప్పు కొడతాదేటి బావా?" అన్నాను.

సాయంత్రం దగ్గర పడింది. స్విచ్చి ఆపి, ఆ పెట్టె వెనక రెండు తీగలూ మార్చి బిగించాను. క్యాసెట్టు తిరిగింది. డప్పు ఇంటి గోడల్ని గుద్దింది. అరుగు మీద మావయ్య తల తిప్పారు, లోపలికొచ్చి పెట్టెకు అరచెయ్యి ఆన్చి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి కాలితో తాళం వేస్తూ, "అది నానేరా! ఆ దెబ్బ నాదే!" అని అరిచారు. అత్తయ్య వీధివాళ్లందర్నీ పిలిచింది. బావ తన పొరపాటును వచ్చినవాళ్లకల్లా తానే గొప్పగా చెప్పుకున్నాడు. పెట్టెలు దుకాణానికి వెనక్కి పోలేదు.

ఇప్పుడు నా చెవులూ మందగించాయి. ఇంట్లో పాటలకు లోటు లేదు, కాని ఇయర్‌ఫోన్లతో ఎవరి చెవుల్లో వాళ్లవి. చెయ్యి ఆన్చి వినేందుకు ఏదీ మిగల్లేదు. అందుకే మొన్న ఆ దుకాణానికి వెళ్లాను.