నలుగురూ ఒప్పుకుంటేనే

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మా ఇంటి ముందు గదిని వాద్యసాధనకు ఇచ్చింది మా ఆవిడ. ఈ సంగతి ఆమెకు నేను చాలాసార్లు గుర్తు చేయవలసి వచ్చింది. డెబ్బైల మొదటి రోజులవి. ఆమె అక్కడి ఆస్పత్రిలో డాక్టరు, నేను స్థానిక పత్రికలో కౌన్సిల్ సమావేశాలూ కోర్టు కేసులూ రాసేవాణ్ణి. లీసెస్టర్‌లో స్థిరపడ్డ ఒక తెలుగు డాక్టరు గారు మా ఆవిడకు సీనియర్. ఆయన కూతురు సంగీత కళాశాల చదువు ముగించి, మరో ముగ్గురితో కలిసి స్ట్రింగ్ క్వార్టెట్ పెట్టింది. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వియోలా, మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే చెల్లో. ఈ అమ్మాయిది రెండో వయొలిన్.

సంగీతం వినిపిస్తే బాధ లేకపోయేది. మా ముందు గదిలోంచి ఎక్కువగా వినిపించేది వాదన.

వాళ్ళకు నాయకుడు లేడు. ఓటింగు కూడా లేదు. ఏ సంగతైనా నలుగురూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఖాయమైనట్టు. బెజవాడలో నేను విన్న కచేరీల్లో గాయకుడు ఓరకంట చూస్తే చాలు, పక్కవాద్యాలు సర్దుకునేవి. పత్రికలో అయితే ఎడిటర్ ఒక్క కేక వేస్తే పేజీ ప్రెస్సుకు వెళ్ళిపోయేది. వీళ్ళకు కిటికీ మూయడానికి కూడా నలుగురి సమ్మతి కావాలి. ఆ సమ్మతి కుదిరేసరికి గది మంచుగడ్డ అయ్యేది.

మా ఆవిడకు ఆ నెల ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు పడ్డాయి. పగలు పడుకునేది.

"వాయిస్తుంటే హాయిగా నిద్ర పట్టేస్తోందండీ. ఆపి మాట్లాడుకున్నప్పుడే మెలకువ వచ్చేస్తోంది. కాస్త వాయించమని చెప్పరూ!" అంది ఒక మధ్యాహ్నం.

వెళ్ళి చెప్పాను. లీసెస్టర్ అమ్మాయి తలుపు సగం తెరిచింది.

"సారీ అంకుల్. ఆంటీకి సారీ చెప్పండి. బట్ ఇది సెటిల్ అవ్వాలి."

"రేపు చూసుకోవచ్చు కదమ్మా?"

"రేపటికి వేరే ఆర్గ్యుమెంట్ ఉంది అంకుల్."

అప్పుడు తేలనిది ఒక విరామం. వాళ్ళు వాయించే కృతిలో ఒకచోట నలుగురూ ఒక్కసారిగా ఆగి, మళ్ళీ ఒక్కసారిగా మొదలుపెట్టాలి. ఆ ఆగడం ఎంతసేపన్నది సమస్య. వయొలిన్లిద్దరూ రెప్పపాటు చాలన్నారు. చెల్లో అబ్బాయి, ఒక ఊపిరి తీసుకునేంత ఉండాలన్నాడు. వియోలా అమ్మాయి ఎవరు మాట్లాడితే వాళ్ళది నిజమేనంది. రెప్పపాటుకూ ఊపిరికీ మధ్య మూడు వారాలు గడిచాయి.

చెల్లో అబ్బాయిది షెఫీల్డే. తండ్రి ఉక్కు కార్మికుడు. ఒకరోజు వంటింట్లో నేను టీ పెడుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఒక ఆర్కెస్ట్రా నుంచి ఉత్తరం వచ్చింది. పర్మనెంట్ ఉద్యోగం. సోమవారంలోగా జవాబు చెప్పాలి," అన్నాడు.

"మరి వీళ్ళు?"

"అందరికీ తెలుసు. శుక్రవారం యూనివర్సిటీ వాళ్ళు మమ్మల్ని తీసుకుంటే ఉండిపోతాను. లేకపోతే ఇంక నావల్ల కాదు."

దక్షిణాన ఉన్న ఆ యూనివర్సిటీ ఒక క్వార్టెట్‌ను రెండేళ్ళకు తీసుకుంటుంది. జీతమూ, ఉండడానికి ఫ్లాటూ ఇస్తుంది. పాఠాలు చెబుతూ కచేరీలు చేసుకోవచ్చు. అది వస్తే బృందం నిలుస్తుంది, రాకపోతే చెల్లో పోతుంది. అంత తెలిసీ వాళ్ళు బుధవారమంతా విరామం మీదే కూర్చున్నారు. గురువారం నేను గదిలోకి వెళ్ళి, "నాణెం ఎగరేయండి" అన్నాను. గుడిలో చెప్పులేసుకున్నవాణ్ణి చూసినట్టు చూశారు నలుగురూ.

శుక్రవారం నా కారులోనే బయలుదేరాం. చెల్లో పట్టే కారు నాదొక్కటే. హాల్లో ఐదుగురు పరీక్షకులు, వెనక వరుసలో నేను. వాళ్ళు మొదలుపెట్టారు. ఇన్ని నెలల్లో వాళ్ళు అంత బాగా వాయించగా నేను వినలేదు. విరామం వచ్చింది. వయొలిన్లు ముందు లేచాయి, చెల్లో ఆగింది, వియోలా ఎటూ కాకుండా పోయింది.

అది పెద్ద తప్పేమీ కాదు. సాగిపోతే సరిపోయేది. కానీ మొదటి వయొలిన్ కుర్రాడు కమాను దించి, మా ముందు గదిలో ఉన్నట్టే పక్కకు తిరిగాడు.

"మనం ఇలా అనుకోలేదు."

"అసలు ఏమీ అనుకోలేదుగా," అన్నాడు చెల్లో అబ్బాయి.

"మంగళవారం నువ్వు దాదాపు ఒప్పుకున్నావు!" అంది వియోలా అమ్మాయి.

"దాదాపు అంటే ఒప్పుకున్నట్టా?"

నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. పరీక్షకుల్లో పెద్దాయన దగ్గాడు. ఒకావిడ గడియారం చూసుకుంది. చివరికి పెద్దాయన, "దయచేసి కొనసాగిస్తారా?" అని అడిగాడు.

లీసెస్టర్ అమ్మాయి ఎంతో మర్యాదగా ఆయన వైపు తిరిగి, "ఒక్క నిమిషమండీ, ఇంకా తేలలేదు," అంది.

గంట తర్వాత పరీక్షకులు వరండాలోకి వచ్చి, వేరే బృందాన్ని తీసుకున్నామని చెప్పారు.

తిరుగు ప్రయాణంలో మొదటి పది మైళ్ళు ఎవరూ మాట్లాడలేదు. కనీసం ఇప్పుడైనా సిగ్గుపడుతున్నారు కదా అనుకున్నాను. అదీ నా పొరపాటే.

"అక్కడ రెప్పపాటే సరైనది," అన్నాడు మొదటి వయొలిన్.

"ఆ హాల్లో అయితే ఇంకా చిన్నది," అంది లీసెస్టర్ అమ్మాయి.

నాకు కారు ఆపి నలుగురినీ వానలో దించేద్దామనిపించింది. ఉద్యోగం పోయింది, జట్టు పోబోతోంది, వీళ్ళింకా అక్కడే ఉన్నారు. ఒక్కరు, ఒక్కసారి తగ్గితే ఏం పోతుందని నెలల తరబడి అనుకుంటూనే ఉన్నాను.

నా పక్క సీట్లో ఉన్న చెల్లో అబ్బాయి కిటికీలోంచి చూస్తూ, "సరే. రెప్పపాటే. మీరన్నట్టే ఉండనీ," అన్నాడు.

వెనక సీటు వైపు అద్దంలో చూశాను. గెలిచినవాళ్ళ ముఖాల్లా లేవు. వియోలా అమ్మాయి కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

లీసెస్టర్ అమ్మాయి ముందుకు వంగి అతని భుజం మీద కొట్టింది.

"నో. అలా ఒప్పుకోకు. ఎందుకో చెప్పు. వాదించు."

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఆర్కెస్ట్రాలో ఎప్పుడు చేరాలి?" అని అడిగాడు మొదటి వయొలిన్.

"వచ్చే నెల," అన్నాడు.

ఊరు చేరేదాకా ఇంకెవరూ వాదించలేదు.